సెగగడ్డ లేచిందా? మాత్ర మింగకముందే చీము ల్యాబ్‌కి పంపండి

మే నెల రాగానే మా ల్యాబ్ కౌంటర్ దగ్గర ఒక మాట తప్పకుండా వినపడుతుంది. "మావిడిపళ్ళు తెగ తినేసాడు బావు, ఏడి సేసి గెడ్డలు లేసాయి." పాపం మామిడిపండు. ఉక్క, చెమట, గోకుడు, ఇంటిల్లిపాదికీ ఒకటే తువ్వాలు, ఇవన్నీ హాయిగా తప్పించుకుంటాయి, నింద మాత్రం సువర్ణరేఖ మీదికి పోతుంది.

నేను శ్రీకాకుళంలో ఒక ల్యాబ్‌లో చీము, రక్తం, మూత్రం కల్చర్లు, అంటే వాటిలోని బాక్టీరియాని పెంచి అదేదో, ఏ మందుకి లొంగుతుందో తేల్చే పరీక్షలు చూసే టెక్నీషియన్‌ని. డాక్టర్ని కాను, కాబట్టి ఫలానా మాత్ర వేసుకోండని ఇక్కడ ఎక్కడా చెప్పను. ఏ పని తర్వాత ఏ పని చేయాలో మాత్రం చెప్తాను, ఎందుకంటే నా బల్ల మీదికి వచ్చే తలనొప్పుల్లో చాలావరకు ఆ వరుస తప్పడం వల్ల వచ్చేవే. ముందు షాపులో మాత్ర, తగ్గకపోతే ఇంకో మాత్ర, అదీ పని చేయకపోతే ఊళ్ళో సూది, చివరికి ఏమీ పాలుపోక చీము పరీక్ష. ఈ వరుసని తిరగేయాలి.

ముందు మీ చర్మం మీద ఎవరు కాపురం ఉంటున్నారో తెలుసుకోండి

స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే బాక్టీరియా మీ చర్మం మీదా నా చర్మం మీదా పుట్టిన కొద్ది రోజుల నుంచే ఉంటుంది, అద్దె కట్టదు, గొడవా చేయదు. దాని దగ్గరి చుట్టం స్టెఫైలోకాకస్ ఆరియస్. ఇది నూటికి సుమారు 30 మంది ముక్కుల్లో ఏ జబ్బూ చేయకుండా ఊరికే ఉంటుంది. కానీ చర్మం తెగిన చోటో, గోకిన చోటో, వెంట్రుక కుదురులోనో దూరిందంటే చీము పట్టించేది ఎక్కువగా ఇదే.

1940ల్లో పెన్సిలిన్ వచ్చిన కొత్తల్లో ఈ ఆరియస్ ఇట్టే చచ్చిపోయేది. కొన్నేళ్ళకే ఆ మందుని విరగ్గొట్టే ఎంజైమ్ ఉన్న రకాలు పెరిగిపోయాయి. 1959లో మెథిసిలిన్ అనే కొత్త మందు వచ్చింది, 1961కల్లా ఇంగ్లండ్‌లో దానికీ లొంగనివి కనపడ్డాయి. రిపోర్టుల్లో ఎంఆర్ఎస్ఏ అని రాసేది వీటినే. ఇవి చేసే పని ఏంటంటే, మందు వెళ్ళి పట్టుకోవాల్సిన ప్రొటీను ఆకారాన్నే మార్చేస్తాయి. తాళం మార్చేసిన ఇంటికి పాత తాళంచెవితో వెళ్ళినట్టు, అమాక్సిసిలిన్, క్లావులానిక్ కలిపిన అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్, సెఫిక్సిమ్, చివరికి సెఫ్ట్రియాక్సోన్ సూది కూడా బయటే నిలబడిపోతాయి. డోసు రెట్టింపు చేసినా అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ తాళం మార్చే జన్యువు ఉన్న డీఎన్ఏ ముక్క ఒక జాతి నుంచి ఇంకో జాతికి వెళ్ళగలదు, దానికి పెద్ద గోదాము మన చర్మం మీద ఉండే ఆ సాధు చుట్టాలే. జలుబు చేసిందని మీరు వేసుకున్న అజిత్రోమైసిన్ వైరస్‌ని ఏమీ చేయదు కానీ ఒంటి మీది ఈ బాక్టీరియాకి మాత్రం బాగా తగులుతుంది, బలహీనమైనవి చస్తాయి, మొండివి మిగిలి ఆ చోటు కూడా ఆక్రమించుకుంటాయి. రేపు మీకు గడ్డ లేస్తే అందులో ఉండేది ఆ మిగిలిన సంతానమే కావచ్చు.

గడ్డ కనపడిన రోజు చేయాల్సింది

పిండకండి. ఇది చెప్పడం తేలిక, అద్దం ముందు నిలబడ్డాక ఆగడం కష్టమని నాకూ తెలుసు. పిండితే చీము బయటికి వచ్చినంతే లోపలికీ పోతుంది. సున్నం, బెల్లం పట్టు వేయడం, పసుపు ముద్ద అంటించడం కూడా వద్దు. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, అలా కాలిన చర్మం ఈ బాక్టీరియాకి తెరిచిన తలుపు. దాని బదులు శుభ్రమైన గుడ్డని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ముంచి పిండి, పది పదిహేను నిమిషాలు గడ్డ మీద పెట్టండి, రోజుకి మూడు నాలుగు సార్లు. ఆ గుడ్డ ఇంకెవరూ వాడకూడదు. చాలా చిన్న గడ్డలు దీనితోనే మెత్తబడి వాటంతటవే పగిలి మానిపోతాయి, ఏ మాత్రా అక్కర్లేదు. పగిలితే కట్టు కట్టి ఉంచండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఎర్రదనం ఎంతవరకు ఉందో చుట్టూ బాల్ పెన్నుతో గీత గీయండి. పిల్లలకైతే ఇది ఆటలా ఉంటుంది. మర్నాటికి ఎరుపు గీత దాటిందంటే మాత్రం ఆట అయిపోయింది, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. జ్వరం, వణుకు వచ్చినా, గడ్డ నుంచి ఎర్రటి చార పైకి పాకినా, ముక్కు మీదో పై పెదవి దగ్గరో కంటి పక్కనో లేచినా, పైకి చిన్నదిగా ఉండి నొప్పి మాత్రం భరించలేనంతగా ఉన్నా ఒక్క రోజు కూడా ఆగకండి. షుగర్ ఉన్నవాళ్ళు, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు, పసిపిల్లలు గీతలు గీసుకుంటూ కూర్చోవద్దు, మొదటి రోజే వెళ్ళండి.

మెడికల్ షాపు దగ్గర ఆగకండి

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మూడేళ్ళ కిందట మా అమ్మకి నడుము దగ్గర గడ్డ లేచింది. రోజూ పది మందికి "పరీక్ష చేయించకుండా మందు వేసుకోకండి" అని చెప్పే నేను, డ్యూటీకి టైమైపోతోందని, సొరుగులో మిగిలిపోయిన సెఫిక్సిమ్ స్ట్రిప్పు తీసి ఇచ్చి వెళ్ళిపోయాను. నిజానికి సెఫిక్సిమ్ మామూలు ఆరియస్ మీద కూడా అంతంత మాత్రమే పని చేస్తుంది, ఆ సంగతి నాకు తెలిసి కూడా. నాలుగో రోజుకి గడ్డ నిమ్మకాయంత అయింది. సర్జన్ కోసి చీము తీశారు, ఆ చీము నా బల్ల మీదికే వచ్చింది, ఎంఆర్ఎస్ఏ. అమ్మ ఏమీ అనలేదు గానీ మా ఆవిడ ఇప్పటికీ ఆ సొరుగు తెరిచినప్పుడల్లా నా మొహం చూస్తుంది.

యాంటీబయాటిక్ స్ట్రిప్పు వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటుంది చూడండి, డాక్టర్ చీటీ లేకుండా కొనకూడదని దానర్థం. సెఫిక్సిమ్‌తో సహా కొన్ని మందుల్ని 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 కిందికి తెచ్చారు, షాపువాళ్ళు రోగి పేరు, డాక్టర్ పేరు రిజిస్టరులో రాసుకుని మూడేళ్ళు ఉంచాలి. మీ పేరు ఎన్నిసార్లు రాశారో మీకే తెలుసు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లోనే నోబెల్ ఉపన్యాసంలో ఈ భయమే చెప్పాడు, ఎవరు పడితే వాళ్ళు షాపులో కొనుక్కునే రోజు వస్తుందని, చాలీచాలని డోసు వేసుకుని సూక్ష్మజీవులకు మందు అలవాటు చేస్తారని.

ఆయింట్‌మెంట్ల సంగతీ అంతే. దురదకని ఇచ్చే మూడు మందులు కలిపిన క్రీముల్లో చాలా వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండు రోజులు చల్లగా, హాయిగా ఉంటుంది, లోపల చర్మం పలచబడుతుంది, రోగనిరోధక శక్తి అక్కడ నిద్రపోతుంది. గడ్డ మీద అసలు రాయొద్దు.

చీము ఎలా తీయించాలి, ఎలా పంపాలి

గడ్డకి అసలు వైద్యం కోసి చీము తీయడం. చిన్న గడ్డైతే అది ఒక్కటే చాలని డాక్టర్లే అంటారు. ఎలాగూ కోస్తున్నారు కాబట్టి అప్పుడే అడగండి: "సార్, కల్చర్‌కి పంపిస్తారా?" అని. సిగ్గు పడొద్దు, కోపగించుకునే డాక్టర్లు తక్కువ. మొన్న ఒక పెద్దాయన, "ఏటి బావు, సీముకి కూడా టెస్టులేటి, పారేసీదాన్కి" అని నవ్వాడు. ఆ పారేసే దాంట్లోనే ఉంది మీ జవాబు.

పైన ఎండిన పొక్కు మీద దూది పుల్ల రాసి పంపితే నాకు దొరికేది పక్క చర్మం మీది కాపురస్తులే. పైన స్పిరిట్‌తోనో సెలైన్‌తోనో తుడిచి, లోపలి చీముని సిరంజితో లాగి స్టెరైల్ డబ్బాలో వేస్తే అన్నిటికన్నా మంచిది. అది కుదరకపోతే లోపలి గోడకి అద్దిన రెండు స్వాబులు (స్టెరైల్ దూది పుల్లలు) పంపాలి, ఒకటి స్లైడు మీద రంగు వేసి చూడటానికి, ఒకటి పెంచడానికి. రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరితే మేలు. పలాస నుంచో ఇచ్ఛాపురం నుంచో బస్సులో రావాల్సి వస్తే, అడుగున జెల్లీ లాంటి ద్రవం ఉండే ట్రాన్స్‌పోర్ట్ స్వాబు అడగండి. ఎండలో బండి సీటు కింద పెట్టకండి, ఫ్రిజ్‌లోనూ పెట్టకండి.

ఫార్మలిన్ పోసిన సీసాలో మాత్రం వేయనివ్వకండి. కండ ముక్కని సూక్ష్మదర్శినిలో చూడటానికి ఫార్మలిన్ కావాలి, కల్చర్‌కి అది విషం, అందులో పడ్డ బాక్టీరియా చచ్చిపోతుంది, ఇక నేను పెంచేదేముంది? ఏడాదికి ఇలాంటివి నాలుగైదు వస్తాయి, వాపసు పంపేటప్పుడు నాకే బాధేస్తుంది.

ఫారం మీద మూడు విషయాలు రాయించండి: ఒంట్లో ఏ భాగం, షుగర్ ఉందా, ఈ వారంలో ఏ యాంటీబయాటిక్ వేసుకున్నారు. మూడోది దాచకండి. మేం తిట్టం.

స్లైడు ఫలితం అదే రోజు చెప్పగలం. పూర్తి రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది, బాక్టీరియా పెరగడానికి ఒక రాత్రి, మందుల పరీక్షకి ఇంకో రాత్రి. ఫోన్ మీద ఫోన్ చేసినా అది తొందరపడదు. ఈలోగా డాక్టర్ అవసరమనుకుంటే అంచనా మీద ఒక మందు మొదలుపెడతారు, అది సరే, శాంపిల్ ముందే తీసేశారు కాబట్టి.

రిపోర్టు చేతికొచ్చాక

ఎస్ అంటే ఆ మందుకి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. సెఫాక్సిటిన్ ఎదురుగా ఆర్ ఉంటే అది ఎంఆర్ఎస్ఏ, ఆ పేరు విడిగా రాయకపోయినా సరే. సెఫాక్సిటిన్ మీకు ఇవ్వడానికి కాదు, మెథిసిలిన్ సంగతి తేల్చడానికి ల్యాబ్‌లో పెట్టే కాగితపు బిళ్ళ. క్లిండమైసిన్ పక్కన డి టెస్ట్ పాజిటివ్ అని ఉంటే, పైకి లొంగినట్టు కనిపించినా వాడుతుండగానే ఎదురు తిరగవచ్చని హెచ్చరిక. దాన్ని డాక్టర్‌కి వేలు పెట్టి చూపించండి.

ఎస్ అని ఉన్నవాటిలో ఖరీదైనది ఏదో చూసి అదే కొనేవాళ్ళున్నారు. వద్దు. లినెజోలిడ్ ఎస్ అని వచ్చినంత మాత్రాన కాలి గడ్డకి అది కావాలని కాదు, డాక్సీసైక్లిన్‌తోనో కోట్రైమాక్సజోల్‌తోనో పోయేదానికి దాన్ని వాడేస్తే, రేపు ఈ బాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి చేరినవాడికి మనం ఏం మిగిల్చినట్టు? పిల్లలు, గర్భిణులు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళ లెక్కలు మళ్ళీ వేరు. ఎంపిక డాక్టర్‌ది.

డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు, మోకాలు మార్పించుకున్నవాళ్ళు ఇది నెమ్మదిగా చదవండి

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రక్తం కల్చర్‌లో ఎపిడెర్మిడిస్ పెరిగితే సీనియర్లు చూసి, "చర్మం మీదిది కలిసింది, వదిలెయ్" అనేవారు. చాలాసార్లు అది నిజమే. కానీ ఇప్పుడు ఆ మాట అనేముందు ఆలోచిస్తున్నాం, ఎందుకంటే ఒంట్లో ప్లాస్టిక్, లోహం పెట్టించుకున్నవాళ్ళు ఎక్కువయ్యారు. ఈ సాధు బాక్టీరియాకి గొట్టం దొరికితే పండగ. దాని మీద జిగటగా ఒక పొర అల్లుకుని, పాచి పట్టిన బావి గట్టులా అతుక్కుపోతుంది. మందు ఆ పొరలోకి సరిగా దిగదు, రక్తకణాలూ దాన్ని సరిగా తినలేవు. 2018లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చాలా దేశాల ఆసుపత్రుల శాంపిళ్ళు కలిపి చూస్తే, దాదాపు ఏ మందుకీ లొంగని ఎపిడెర్మిడిస్ రకాలు ఖండాలు దాటి తిరుగుతున్నాయని తేలింది. కొరినెబాక్టీరియం స్ట్రయేటం అని ఇంకొకటి, ఇదీ చర్మం మీదిదే, ఒకప్పుడు దాన్నీ చూసి వదిలేసేవారు, ఇప్పుడు చాలా రోజులు ఆసుపత్రిలో పడి ఉన్నవాళ్ళలో మొండి ఇన్‌ఫెక్షన్లు తెస్తోంది. భుజం కీలు మార్పించినవాళ్ళలో మొటిమల బాక్టీరియా, క్యూటిబాక్టీరియం యాక్నెస్, నెలల తర్వాత నొప్పిగా బయటపడుతుంది. దీన్ని ల్యాబ్‌లో పది పద్నాలుగు రోజులు ఉంచితే గానీ పెరగదు, కాబట్టి అనుమానం ఉంటే ఆ మాట ల్యాబ్‌కి ముందే చెప్పాలి.

మన జిల్లాలో దీన్ని ఎవరో దూరపువాళ్ళ కథలా వినే వీలు లేదు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు డయాలసిస్ లేని వీధి వెతకాలి. మా మేనమామది కవిటి దగ్గరే. మెడలో గొట్టం పెట్టిన రెండో నెలలో, మిషన్ మీద ఉండగా చలి, వణుకు. అక్కడున్నవాళ్ళు కంగారులో వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించేశారు, రక్తం తీయలేదు. మర్నాడు తీసి పంపితే, అప్పటికే మందు పడింది కదా, ఐదు రోజులు ఉంచినా ఏమీ పెరగలేదు. ఏ బాక్టీరియానో తెలియక మూడు మందులు మార్చారు, చివరికి గొట్టం తీసి ఇంకో పక్క పెట్టారు. బతికాడు. కానీ ఆ రెండు వారాలు అత్త పడిన టెన్షన్ చూశాక నేను ఇంటింటికీ చెప్పే మాట ఇదొక్కటే: గొట్టం ఉన్న మనిషికి వణుకుతో జ్వరం వస్తే, ముందు రక్తం, వెంటనే మందు. మధ్యలో పట్టేది ఐదు నిమిషాలు.

ఆ రక్తం కూడా రెండు చోట్ల నుంచి తీయమనండి, ఒకటి గొట్టం నుంచి, ఒకటి చేతి నరం నుంచి. రెండిట్లోనూ ఒకే బాక్టీరియా పెరిగితే అది నిజమైన దొంగ. ఒక్క సీసాలోనే ఎపిడెర్మిడిస్ వస్తే సూది గుచ్చినప్పుడు చర్మం మీది నుంచి కలిసి ఉండొచ్చు. ఒకే సీసా పంపితే ఈ తేడా నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు.

రోజూ చేయాల్సినవి మరీ కష్టమైనవి కావు. గొట్టం దగ్గర తడి తగలనివ్వకండి, చెరువు స్నానం మానండి, తల స్నానం మెడ వంచి ఎవరితోనైనా పోయించుకోండి. మిషన్‌కి కలిపేటప్పుడూ విప్పేటప్పుడూ మీరూ నర్సూ ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి, మర్చిపోతే గుర్తు చేయండి. సెలైన్ పెట్టడానికి నరం దొరకలేదని ఊళ్ళో ఎవరైనా ఆ గొట్టానికే సూది తగిలిస్తానంటే ఒప్పుకోకండి. చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని, సిరని కలిపే ఆపరేషన్) చేయించుకోమని డాక్టర్ అంటే వాయిదా వేయకండి, గొట్టంతో పోలిస్తే ఫిస్టులాలో ఇన్‌ఫెక్షన్ భయం చాలా తక్కువ.

ఇంట్లో గడ్డలు తిరిగి తిరిగి వస్తుంటే

ఒకరికి మానగానే ఇంకొకరికి లేస్తోందంటే శాపం కాదు, తువ్వాలు. ఎవరి తువ్వాలు, రేజరు, సబ్బు వాళ్ళకే ఉండాలి. దుప్పట్లు, బట్టలు వేడి నీళ్ళలో ఉతికి బాగా ఎండబెట్టండి, మన ఎండకి కొదవ లేదు కదా. సెలూన్‌లో కొత్త బ్లేడు మీ కళ్ళ ముందే వేయించండి. షుగర్ పరీక్ష చేయించండి, షుగరుందని తెలియకుండా గడ్డలతో మొదట బయటపడేవాళ్ళు చాలామంది. ముక్కులో రాసే మ్యుపిరోసిన్ కూడా ఉంది, సాధారణంగా ఐదు రోజులు, మందు సబ్బు స్నానంతో కలిపి. అది డాక్టర్ చెప్తేనే, ఇష్టం వచ్చినట్టు రాస్తే దానికీ మొండికేస్తాయి.

పలాస జీడి బట్టీల్లో పని చేసే అక్కచెల్లెళ్ళకు ఒక మాట. జీడి తొక్క నూనె కాల్చిన చేతులకు పొక్కులు, పగుళ్ళు ఎప్పుడూ ఉంటాయి, ప్రతి పగులూ ఒక గుమ్మమే. గ్లౌజులు ఇవ్వమని అడగండి, ఇంటికెళ్ళగానే సబ్బుతో కడిగి కొబ్బరినూనె రాయండి, చీము పట్టిన వేలితో పప్పు ఒలవకండి.

ఇంట్లో కుక్క ఉంటే, దాని చెవిలో చీము, ఒంటి మీద పుండ్లు ఉన్నప్పుడు వాటిని కడిగాక మీ చేతులూ కడుక్కోండి. కుక్కల చర్మం మీది స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్ మనుషులకీ అంటుకుంటోంది, అందులోనూ మందులకు లొంగనివి ఉన్నాయి. కుక్క కరిస్తే మాత్రం ఈ లెక్కలన్నీ తర్వాత, ముందు పదిహేను నిమిషాలు కారే నీళ్ళ కింద సబ్బుతో కడిగి రేబిస్ టీకాకి పరిగెత్తండి.

మందు మొదలుపెట్టాక

డాక్టర్ చెప్పినన్ని రోజులు వేసుకోండి. రెండు రోజులకీ నొప్పి, ఎరుపు తగ్గకపోతే మందు మీరే మార్చకుండా అక్కడికే తిరిగి వెళ్ళండి, లోపల చీము మిగిలిపోయి ఉండొచ్చు. మిగిలిన మాత్రలు పక్కింటివాళ్ళకు దానం చేయకండి. సొరుగులోనూ పెట్టకండి, నా కథ చదివారుగా.

రిపోర్టు కాగితం పారేయకండి. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుని, అసలు కాగితాన్ని ఆధార్, రేషన్ కార్డు ఉండే కవర్లోనే పెట్టండి. ఆర్నెల్ల తర్వాత మోకాలి ఆపరేషన్‌కో, కాన్పుకో, డయాలసిస్‌కో వెళ్ళినప్పుడు, "ఇంతకు ముందు ఎంఆర్ఎస్ఏ వచ్చింది సార్" అని అది తీసి చూపిస్తే, ఆపరేషన్‌కి ముందు ఇచ్చే మందు ఏదో వాళ్ళు దాన్ని బట్టి చూసుకుంటారు. కౌంటర్ దగ్గర మా సొరుగులో ఎవరూ తీసుకెళ్ళని రిపోర్టులు ఒక కట్ట ఉన్నాయి. గడ్డ మానిపోయింది కదా అని రాలేదు. ఈ పోస్టు చదివేవాళ్ళలో వాళ్ళెవరైనా ఉంటే ఆదివారం తప్ప ఎప్పుడైనా రండి, సాయంత్రం ఆరు దాకా ఉంటాను.